గడప దాటేముందు

పదేళ్ళపాటు మన ఇళ్ళలో, దుకాణాలలో, మద్రసాలలో నడిచిన విండోస్ 10 కు 2025 అక్టోబరు 14తో ఉచిత రక్షణ నిలిచిపోయింది. ఆ వ్యవస్థ పనిచేయడం మానలేదు. నేటికీ మీట నొక్కితే తెరుచుకుంటుంది, టైపు చేస్తే అక్షరాలు వస్తాయి. కాని అందులో కొత్తగా బయటపడే లోపాలను పూడ్చే పని మైక్రోసాఫ్ట్ సంస్థ సాధారణ వాడుకరుల విషయంలో విరమించుకున్నది. తలుపు ఉంది, గొళ్ళెం ఉంది, గొళ్ళెం ఊడిననాడు బిగించేవాడు మాత్రం లేడు. అందుచేత కొంతకాలంగా మా ముత్యంపేటలోనూ, మెట్‌పల్లి, కోరుట్ల, జగిత్యాల దుకాణాలలోనూ కంప్యూటర్ బాగుచేసేవారి నోట ఒకటే మాట: "పాతది తీసేసి లెవెన్ వేయించుకోండి."

మా మద్రసాలోనూ ఒక కంప్యూటర్ ఉంది. ఉర్దూ ప్రశ్నపత్రాలు ఇన్‌పేజ్‌లో కూర్చుతాము, తెలుగు ప్రకటనలు అను లిపిలో. కొత్త వ్యవస్థ అనగానే మాకు కలిగిన మొదటి చింత ఆ రెండూ అందులో నడుస్తాయా లేదా అన్నదే. తక్కినదంతా అలవాటుకు సంబంధించిన విషయం. ఎడమ మూలన ఉండవలసిన స్టార్ట్ గుర్తు పీటమీది పెళ్ళికొడుకులా నడిమధ్యకు వచ్చి కూర్చున్నది. కుడి మీట నొక్కితే కనబడే పట్టికలో సగం మాటలు దాగిపోయి, మరొకసారి నొక్కితే గాని బయటికి రావు. వ్రేళ్ళు పాత చోటికే పోతాయి, కన్ను వెతుక్కుంటుంది. ఇదంతా పది పదిహేను దినాల పని. మా వయసువారికి నెల పట్టవచ్చు, పిల్లలకు ఒక పూట చాలు. దీనిని గురించి ఒక వ్యాసం వ్రాయవలసిన పని లేదు.

వ్రాయవలసింది వేరొకటి ఉంది. కొత్త వ్యవస్థ యంత్రంలోకి ప్రవేశించే వేళ ఇంటివారిని కొన్ని ప్రశ్నలు అడుగుతుంది. వాటికి మన ఇళ్ళలో జవాబు చెబుతున్నది ఎవరు?

మొదట ఆ యంత్రంలో ఏముందో చూద్దాం. నగరవాసికి కంప్యూటర్ అంటే ఉద్యోగపు పనిముట్టు కావచ్చు. మా ప్రాంతంలో అది ఇనుప బీరువాలోని లోపలి అర వంటిది. ఇక్కడి చక్కెర కర్మాగారం 2015 డిసెంబరులో మూతబడింది. అంతకు ముందునుండే గల్ఫ్ దారి పట్టిన పల్లెలివి. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల చుట్టుప్రక్కల దుబాయి, సౌదీ, కువైట్, ఖతార్‌లతో సంబంధం లేని వాడ అరుదు. కనుక ఇంట్లో కంప్యూటర్ ఉన్నదంటే అందులో తండ్రి పాస్‌పోర్టు ప్రతి, వీసా కాగితం, కంపెనీ ఒప్పందం, బ్యాంకు పాసుపుస్తకం, పిల్లల ఆధార్, పట్టాదారు పాసుపుస్తకం, ఆడపిల్ల పెళ్ళి సంబంధానికి పంపిన బయోడేటా, పెళ్ళిలో ఆడవారి వైపు తీసిన ఫోటోలు, సెలవు మీద వచ్చిన అన్న వదిలిపోయిన వీడియోలు అన్నీ ఉంటాయి. ఇంట్లో చదువుకున్న కుర్రవాడు ఉంటే వాడకట్టువారి కాగితాలు కూడా అందులోనే ఉంటాయి. "బేటా, ఇది జర స్కాన్ చేసి మా ఆయనకు పంపు" అని వచ్చిన ప్రతి ఖాలా, ప్రతి చాచీ కాగితం అందులో ఒక ప్రతిని వదిలి వెళుతుంది. మా మద్రసా యంత్రంలోనైతే విద్యార్థుల ప్రవేశ పట్టిక ఉంది: పేరు, తండ్రి పేరు, ఊరు, ఫోన్ సంఖ్య. ఇవేవీ మా సొత్తు కావు. అవి అమానతు.

ఇక ప్రశ్నల సంగతి. విండోస్ 11 ను తొలిసారి సిద్ధపరచేటప్పుడు వచ్చే తెరలలో ఇవి ఉంటాయి: మీరు ఉన్న చోటును తెలుసుకోవచ్చునా? పోగొట్టుకున్న యంత్రాన్ని వెదకడానికి దాని జాడను నమోదు చేయవచ్చునా? యంత్రం పనితీరును గురించిన సమాచారం కనీసమే పంపాలా, అదనంగా కూడా పంపాలా? మీరు టైపు చేసేదాని నుండి, తెరమీద వ్రాసేదాని నుండి నమూనాలు తీసుకోవచ్చునా? ఆ సమాచారాన్ని బట్టి మీకు తగిన సూచనలు, ప్రకటనలు చూపవచ్చునా? ప్రకటనలకోసం మీకొక గుర్తింపు సంఖ్య కేటాయించవచ్చునా? వీటిలో అధిక భాగానికి 'వద్దు' అని చెప్పే వీలు ఉంది. కనీస సమాచారం పంపడం ఒక్కటి మాత్రం గృహ వాడుకరులు ఆపలేరు. అంటే ఆ సంస్థ అడగకుండా దూరిందనడానికి వీలు లేదు. గడప దగ్గర నిలిచి అడిగింది. అయితే ఆంగ్లంలో అడిగింది. 'సరే' అనే జవాబును ముందే ఎంచి పెట్టి, 'ముందుకు' అనే మీటను నీలి రంగుతో మెరిపించి అడిగింది. ఆ సమయంలో యంత్రం ముందున్నది ఇంటి యజమాని కాదు, దుకాణంలోని కుర్రవాడు. అతనికి ఆ పూట ఇంకా నాలుగు యంత్రాలు ముగించవలసి ఉంది. ముందుకు, ముందుకు, ముందుకు. మన గడపలోకి రావడానికి అనుమతి ఇచ్చినవాడు మన ఇంటి మనిషే కాడు.

అనుమతి అనే మాట మా వృత్తిలో నిత్యం బోధించే మాట. పరుల ఇంట అడుగుపెట్టేముందు అనుమతి కోరడం, సలాము చెప్పడం దివ్య ఖుర్ఆన్‌లోని నూర్ సూరా విధించిన మర్యాద. పిల్లలకు ఆ పాఠం చెప్పేటప్పుడు దాని తరువాతి భాగం మీదనే మేము ఎక్కువ సమయం గడుపుతాము. వెళ్ళిపొమ్మని చెబితే వెళ్ళిపోవాలి. కారణం అడిగే హక్కు వచ్చినవానికి లేదు. చెప్పవలసిన బాధ్యత ఇంటివానికి లేదు. అదే సూరా ఇంటిలోపలి పిల్లలు, సేవకులు సైతం దినంలో మూడు వేళలలో గదిలోకి అనుమతి అడిగియే రావాలని చెబుతుంది. అంటే ఒకసారి 'రా' అన్నంత మాత్రాన ఎల్లవేళలా, అన్ని గదులలోకీ అనుమతి ఉన్నట్లు కాదు.

హజ్రత్ అబూ మూసా అష్అరీ (రజి) ఒకనాడు హజ్రత్ ఉమర్ (రజి) వాకిట నిలిచి మూడుసార్లు అనుమతి కోరారు. జవాబు రాలేదు. తిరిగి వెళ్ళిపోయారు. ఎందుకు వెళ్ళిపోయారని తరువాత ఖలీఫా ప్రశ్నించినప్పుడు, మూడుసార్లు అడిగినా అనుమతి రాకుంటే మరలిపోవాలన్నది దైవప్రవక్త (స) ఆదేశమని విన్నవించి, సాక్షిని కూడా తెచ్చుకోవలసి వచ్చింది. ఈ వృత్తాంతం చదువుకున్న మా తరగతి పిల్లవాడొకడు కొత్త కంప్యూటర్ తెరమీద ఒక మీట చూపించి అడిగాడు: "ఉస్తాద్, ఇది మూడుసార్లు అడిగి పోయేది కాదా?" ఆ మీటమీద 'మూడు రోజుల తరువాత గుర్తుచేయి' అని ఉంది. ఖాతాను, బ్యాకప్‌ను, ఇతర సేవలను ఒప్పుకొమ్మని అప్పుడప్పుడు వచ్చే తెర అది. అందులో 'ఇప్పటికి వదిలేయి' ఉంది, 'తరువాత గుర్తుచేయి' ఉంది. 'వద్దు, మళ్ళీ రాకు' అనేది ఆ తెరలో లేదు. సెట్టింగ్స్‌లోని నోటిఫికేషన్ల పుటలో అడుగున వెదకి, సూచనలు ఇచ్చే గడులను ఖాళీ చేస్తే గాని ఆ అతిథి ఊరుకోడు. పిల్లవాని ప్రశ్నకు మేము నవ్వాము గాని, ప్రశ్న సరియైనదే.

ఇక్కడ చాలామంది పెద్దలు ఒక మాట అంటారు. "మన దగ్గర దాచుకోవడానికి ఏముంది హజ్రత్? మనమేమన్నా దొంగలమా?" ఈ మాట వినడానికి నిజాయితీగా ఉంటుంది, ఆలోచిస్తే నిలవదు. మన వాకిలికి పరదా ఉన్నది లోపల దొంగతనం జరుగుతున్నదని కాదు. ఒక వ్యక్తి దైవప్రవక్త (స) ఇంటి తలుపు సందులోనుండి లోపలికి తొంగి చూసినప్పుడు, అనుమతి అనే నియమాన్ని విధించిందే చూపు నిమిత్తమని ఆయన మందలించిన సంగతి హదీసు గ్రంథాలలో ఉంది. కాలు లోపల పెట్టలేదు గదా అని వాదించే వీలును ఆ ఒక్క బోధ తీసివేసింది. చూడటమే ప్రవేశం.

2024 నవంబరులో మన రాష్ట్రంలో జరిగిన ఇంటింటి కుటుంబ సర్వేను గుర్తుచేసుకోండి. గణకులు అరుగుమీద కూర్చుని అడిగారు, మన భాషలో అడిగారు. లోపలి నుండి ఇల్లాలు చెప్పదలచింది చెప్పింది, చెప్పదలచనిది దాటవేసింది. అడిగినవారెవరో, ఏమడిగారో మనకు తెలిసింది. యంత్రం అడిగే తీరులో ఈ మూడింటిలో ఒకటైనా ఉన్నదా? పైగా ఇందాక చెప్పినట్లు ఆ యంత్రంలోనివి అన్నీ మనవి కావు. మన కాగితం విషయంలో మనం ఉదారంగా ఉండవచ్చు. పొరుగింటి ఖాలా పాస్‌పోర్టు విషయంలో ఉదారంగా ఉండే హక్కు మనకెవరిచ్చారు? ఒక మనిషి మాట్లాడుతూ అటూ ఇటూ చూశాడంటే ఆ మాట విన్నవాని వద్ద అమానతు అయిందని హదీసు బోధిస్తుంది. రహస్యం అని నోటితో చెప్పనవసరం కూడా లేదు, చూపు చాలు.

భయం కల్పించడం మా ఉద్దేశం కాదు. అతిగా చెప్పబడుతున్న మాటలూ ఉన్నాయి. కొత్త కంప్యూటర్ కొన్నవారందరి తెరను ప్రతి క్షణం ఫోటో తీసి పంపుతున్నారని ఒక మాట మన వాట్సాప్ గుంపులలో తిరుగుతున్నది. దాని వెనుక ఉన్న నిజం ఇది. 2024 మే నెలలో మైక్రోసాఫ్ట్ 'రీకాల్' అనే ఏర్పాటును ప్రకటించింది. తెరమీద కనబడేదానిని కొద్ది క్షణాలకొకసారి చిత్రంగా తీసి యంత్రంలోనే భద్రపరచి, తరువాత వెదకుకొనే వీలు కల్పించడం దాని పని. నిపుణులు తీవ్రంగా ఆక్షేపించగా సంస్థ దానిని ఆపి, వాడుకరి కోరితేనే మొదలయ్యేటట్లు మార్చి 2025 ఏప్రిల్‌లో విడుదల చేసింది. అది కూడా ప్రత్యేకమైన చిప్పు కలిగిన ఖరీదైన యంత్రాలలోనే పనిచేస్తుంది. మన పల్లెలలోని మామూలు కంప్యూటర్లలో అది లేదు. అయితే గమనించండి, ఆక్షేపించినందువల్లనే అది మారింది.

సమాచారం చేతులు మారితే ఏమవుతుందో తెలుసుకోవడానికి మనకు ఇంకా దగ్గరి ఉదాహరణ ఉంది. అది కంప్యూటర్‌ది కాదు, ఫోనుది. నమాజు వేళలు, ఖిబ్లా దిక్కు చూపే 'ముస్లిం ప్రో' అనే యాప్ మన ఇళ్ళలో ఎందరి ఫోన్లలోనో ఉండేది. వాడుకరులు ఎక్కడెక్కడ తిరుగుతున్నారన్న సమాచారం దాని నుండి 'ఎక్స్-మోడ్' అనే వ్యాపార సంస్థకు చేరుతున్నదని, ఆ సంస్థ ఖాతాదారులలో అమెరికా సైన్యానికి పనిచేసే గుత్తేదారులు ఉన్నారని 2020 నవంబరులో ఒక పత్రిక బయటపెట్టింది. ఆ యాప్‌వారు వెంటనే ఆ సంస్థతో సంబంధం తెంచుకుంటున్నట్లు ప్రకటించారు. 2024 జనవరిలో అమెరికా వాణిజ్య నియంత్రణ సంస్థ, ప్రార్థనాస్థలాల వంటి సున్నితమైన చోట్లకు ఎవరు వచ్చిపోతున్నారన్న సమాచారాన్ని ఎక్స్-మోడ్ అమ్మకూడదని ఆజ్ఞాపించింది. ఖిబ్లా ఏ దిక్కో తెలియాలంటే మనం ఎక్కడ ఉన్నామో చెప్పక తప్పదు. అది న్యాయమైన అనుమతి. ఆ చెప్పినదానిని మరొకనికి అమ్ముకోవడానికి ఇచ్చిన అనుమతి మాత్రం అది కాదు. నమాజుకోసం తెరచిన కిటికీనుండి వేరొకరు తొంగి చూశారు. దాచుకోవడానికి ఏముందన్నవారు ఈ సంగతిని ఒకసారి ఆలోచించాలి.

మన దేశపు చట్టం కూడా ఈ విషయంలో మూగది కాదు. పుట్టస్వామి కేసులో 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం గోప్యత ప్రాథమిక హక్కు అని ఏకగ్రీవంగా తీర్పు చెప్పింది. 2023లో వ్యక్తిగత డిజిటల్ సమాచార రక్షణ చట్టం వచ్చింది, 2025 నవంబరులో దాని నియమాలు వెలువడినవి. అవి దశలవారీగా అమలులోకి వస్తున్నాయి. ఆ చట్టం ప్రకారం సమ్మతి స్వేచ్ఛగా ఇచ్చినదై ఉండాలి, విషయం తెలిసి ఇచ్చినదై ఉండాలి. ఇచ్చినంత సులభంగా వెనుకకు తీసుకొనే వీలు ఉండాలి. రాజ్యాంగపు ఎనిమిదవ షెడ్యూలులోని 22 భాషలలో కోరిన భాషలో సమ్మతి కోరే ప్రకటన చదువుకొనే అవకాశం కల్పించాలి. తెలుగూ, ఉర్దూ రెండూ అందులో ఉన్నవి. పద్దెనిమిదేళ్ళు నిండని పిల్లల విషయంలో తల్లిదండ్రుల సమ్మతి కావాలి. ఈ చట్టంలో ప్రభుత్వానికి ఇచ్చిన మినహాయింపులు విశాలమైనవి, వాటి మీద విమర్శలూ ఉన్నవి. ఐనా గడప దగ్గర మన భాషలో అడగాలన్న మాట చట్టంలోకి ఎక్కడం చిన్న సంగతి కాదు. అది తెరమీదికి వచ్చేవరకు చదవగలిగినవారిని ప్రక్కన కూర్చోబెట్టుకోవడమే మార్గం.

మరి ఏమి చేయాలి? కొత్త యంత్రం కొనాలా అన్నది మొదటి ప్రశ్న. విండోస్ 11 అన్ని పాత కంప్యూటర్లలోకీ ఎక్కదు. టీపీఎం 2.0 అనే భద్రతా భాగం, కొంత కొత్త తరం ప్రాసెసర్ ఉండాలి. ఏదో ఒక ఉపాయంతో ఎక్కిస్తామనే దుకాణదారుల మాట మీద అమానతు కాగితాలున్న యంత్రాన్ని వదలకండి. పాతదానినే మరి కొంతకాలం నడుపుకోదలచినవారికి 2026 అక్టోబరు 13 వరకు అదనపు రక్షణ పొందే వీలు ఉంది. దానికి 30 డాలర్లు చెల్లించాలి, లేదా యంత్రపు సెట్టింగ్స్‌ను వారి ఖాతాలో భద్రపరచడానికి ఒప్పుకుంటే ఉచితం. ఐరోపా దేశాలలో వినియోగదారుల సంఘాలు పట్టుబట్టినందున ఉచిత రక్షణకు అక్కడ భద్రపరచే షరతును తీసివేశారు. మనకు ఉంది. ఉచితం అన్నచోట వెల ఏ రూపంలో ఉంటుందో దీనినిబట్టి తెలుసుకోవచ్చు.

ఉత్తరాలు, లెక్కలు, ఇంటర్నెట్ తప్ప మరేమీ అవసరం లేనివారు లినక్సు వైపు చూడవచ్చు. ఖాతా అడగదు, పాత యంత్రంలోనూ నడుస్తుంది. హైదరాబాదులోని 'స్వేచ్ఛ' కార్యకర్తలు తెలుగు తెరలతో దానిని రూపొందించారు, సీ-డాక్ వారి 'బాస్' కూడా ఉంది. మాకు ఇన్‌పేజ్ అడ్డువచ్చింది కనుక మేము విండోస్‌లోనే ఉన్నాము. ఆ చిక్కు లేనివారు మాకన్న స్వతంత్రులు.

విండోస్ 11 వేయించేవారు దుకాణంలో వదిలి రాకండి. ఒక గంట కూర్చోండి. ఇంట్లో ఇంగ్లీషు చదివిన అమ్మాయి ఉంటే ఆమెను వెంట తీసుకుపోండి. ప్రతి తెర దగ్గరా ఆగి, అవసరం లేనిదానికి వద్దనండి. ఇప్పటికే వేయించినవారు సెట్టింగ్స్‌లో 'ప్రైవసీ అండ్ సెక్యూరిటీ' అనే భాగం తెరిస్తే చెప్పిన ప్రతి జవాబునూ మార్చుకోవచ్చు. అదనంగా పంపే సమాచారాన్ని ఆపడానికి, ఇంతవరకు పంపినదానిని తుడిచివేయమని కోరడానికి అక్కడ మీటలు ఉన్నవి. 'వన్‌డ్రైవ్' అనే మబ్బు గుర్తును కూడా తప్పక చూడండి. ఖాతాతో ప్రవేశించిన పిదప డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్, పిక్చర్స్ అనే మూడు అరలలోనివి ఇంటర్నెట్‌లోని నిల్వకు వెళ్ళే ఏర్పాటు తెలియకుండానే మొదలై ఉండవచ్చు. యంత్రం పాడైతే కాగితాలు దక్కుతాయి కనుక అందులో మేలు కూడా ఉంది. ఐనా ఏ అర వెళ్ళాలో, పెళ్ళి ఫోటోల అర వెళ్ళవచ్చునో లేదో ఇంటివారు నిర్ణయించాలి. ఆ నిర్ణయంలో ఆడవారిని అడగండి. ఫోటోలు వారివి.

అన్నిటికన్న ముఖ్యమైనది ఖాతా. కొత్త వ్యవస్థ ఈ-మెయిల్ ఖాతా లేనిదే గృహ వాడుకరిని లోపలికి సులభంగా రానివ్వదు, వెనుకటి దొడ్డిదారులు ఒక్కొక్కటే మూసుకుపోతున్నవి. అందుకని కొన్ని దుకాణాలలో పని త్వరగా ముగించడానికి తమ సొంత ఈ-మెయిల్‌తోనే యంత్రాన్ని తెరిచి ఇస్తారు. యంత్రం ఇంటికి వస్తుంది, దాని ఖాతా దుకాణంలో ఉంటుంది. అప్పుడు నిల్వకు వెళ్ళే మీ కాగితాలు ఎవరి ఖాతాలోకి వెళుతున్నట్లు? అంతేకాదు. ఖాతాతో తెరచిన కొత్త యంత్రాలలో చాలావరకు లోపలి సమాచారమంతా తాళం వేయబడుతుంది. ఏ మరమ్మతు తరువాతనో యంత్రం ఆ తాళపుచెవి అడిగితే అది ఉండేది ఆ ఖాతాలోనే. ఈలోగా ఆ కుర్రవాడు దుకాణం మాని కువైట్ వెళ్ళిపోయి ఉండవచ్చు. తండ్రి వీసా కాగితాలు ఇంట్లోనే ఉంటాయి, తెరుచుకోవు.

కనుక ఖాతా ఇంటివారి పేరనే, ఇంటి ఫోన్ సంఖ్యతోనే ఉండాలి. అన్ని పనులూ ముగిసిన పిదప సెట్టింగ్స్‌లో 'అకౌంట్స్' అనే చోట లోకల్ ఖాతాకు మారే వీలు ఉంది, మారదలచినవారు మారవచ్చు. మారేముందు మాత్రం ఆ తాళపుచెవిని వ్రాసి పెట్టుకోండి. 48 అంకెలు ఉంటాయి. ఫోనులో ఫోటో తీసి ఉంచితే ఫోనుతోపాటే పోతుంది. కాగితం మీద తప్పులు లేకుండా వ్రాసి, ఒకరు చదువుతుండగా మరొకరు సరిచూసి, బీరువాలో నికాహ్‌నామా, పట్టాదారు పాసుపుస్తకం ఉండే సంచిలోనే పెట్టండి. గల్ఫ్‌లో ఉన్న యజమానికి అది అక్కడ ఉన్నదని ఫోనులో చెప్పండి, అంకెలు మాత్రం చదివి వినిపించకండి.